కత్తులబండ దగ్గరి కడ్డీ

టీ గ్లాసు పట్టుకుని కొండబల్ల దగ్గరికొచ్చిన సుభద్రకు ముందుగా కనిపించింది తన సొంత ఊరే. తేనెలపుట్టు పైనున్న వాలంతా పండుమిరపలా ఎర్రబడి ఉంది. గ్లాసు చేతిలోనే ఉంది గానీ అందులోని టీ సగం చీర కుచ్చిళ్ళ మీద ఒలికిపోయింది. కాలు చురుక్కుమన్న సంగతి కూడా ఆమెకు తెలియలేదు.

ఆ బల్ల అబద్ధం చెప్పదని జిల్లా అంతటికీ తెలుసు. చూడటానికి పది మంది కూర్చుని భోంచేసేంత వెడల్పు బల్ల, దాని నిండా ఇసుకకన్నా సన్నని రేణువులు. కరెంటు పారగానే ఆ రేణువులన్నీ లేచి నిలబడి కొండలవుతాయి, లోయలవుతాయి. కొండ కడుపులో పారే నీళ్ళు వాటి మధ్య నీలిదారాల్లా మెరుస్తాయి. ఏ మట్టి నీళ్ళు తాగి తాగి బరువెక్కి జారబోతోందో అది కొన్ని గంటల ముందే ఎర్రబడుతుంది. బల్లకు చెవులు మాత్రం ఊళ్ళలో ఉంటాయి. ఊరూరా ఊట దగ్గర ఒక ఇనుపకడ్డీ దిగేసి ఉంటుంది. ఊటలోకి నీరొచ్చే చప్పుడు కడ్డీ వింటుంది. ఊట ఫలానా చోట ఉందని తెలిశాక, ఆ నీరు కొండలో ఏ దారిన వచ్చిందో బల్ల వెనక్కి వెనక్కి లెక్కకట్టి పైదాకా గీసేస్తుంది.

"నీ ఊరేగా?" అన్నాడు ఉమాకాంతం వెనక నుంచి.

డాక్టర్ ఉమాకాంతం ఆ పటశిక్షణ కేంద్రానికి పెద్ద. విశాఖలో హాయిగా ప్రొఫెసరుగిరీ వెలగబెట్టుకోవలసిన మనిషి, అన్నీ వదిలేసి ఈ చలిలో వచ్చి కూర్చున్నాడు. పల్లంవాళ్ళొచ్చి కొండను కొలిచి, తప్పో ఒప్పో గీసుకుపోయే రోజులు పోవాలనీ, కొండ పటం కొండవాళ్ళే గీసుకోవాలనీ ఆయన ప్రతి మీటింగులోనూ చెప్పేవాడు. విని విని ఆఫీసులో అటెండరుకు కూడా ఆ ఉపన్యాసం కంఠతా వచ్చేసింది. ఊరికి ఒకరు చొప్పున చదువుకున్న కుర్రాళ్ళను, ఆడపిల్లలను ఏరి తెచ్చి, ఉపగ్రహం తీసిన ఫోటోలు చదవడం, డ్రోన్లు ఎగరేయడం, కడ్డీలు దిగేయడం నేర్పించాడు. నేర్పింది సుభద్ర. ఆరేళ్ళకే ఆశ్రమ పాఠశాలలో చేరి, అట్నుంచటే ఇంజనీరింగుకు వెళ్ళి, మళ్ళీ కొండెక్కి వచ్చిన మొదటి పిల్ల ఆమె. మన పిల్లే మనకు మేడమని ఊళ్ళవాళ్ళు ఆమెను నెత్తిన పెట్టుకున్నారు.

"ఖాళీ చేయించెయ్యి. కొత్త బడిలోకి పంపించు. ఆ వాలు పచ్చగా ఉంది చూడు," అన్నాడు ఉమాకాంతం.

ఆ బడి కట్టిన చోటును ఎంచింది కూడా కొండబల్లే. ఊరికి అవతలి గట్టు మీద, ఏ వానకూ కదలని నేల అని పచ్చగా చూపిస్తేనే అక్కడ పునాది తీశారు. సుభద్ర తేనెలపుట్టులో ఉన్న రస్మోకు శాటిలైట్ ఫోను చేసింది. రస్మో ఆమె మొదటి బ్యాచి విద్యార్థి, బుద్ధిమంతుడు, ఒకటికి రెండుసార్లు చెప్పించుకునే రకం కాదు. ఆమె జీపెక్కి వానలో అక్కడికి చేరేసరికి ఊరు ఊరంతా బడిలో ఉంది.

బడి వసారాలో పొయ్యి రాజేసి పొగలో కళ్ళు నులుముకుంటోంది సుభద్ర తల్లి చిలకమ్మ. కూతుర్ని చూడగానే మొదలెట్టింది.

"ఒచ్చినావేటి మేడమ్మ గారూ! కోళ్ళని బుట్టల్లో ఏసి మోసుకొచ్చినాను. రెండు తప్పించుకున్నాయి. నీ బల్లకి కోళ్ళు కనబడవేటి?"

"మనుషులు బాగుంటే కోళ్ళు మళ్ళీ వస్తాయమ్మా."

"ఒస్తాయి, ఒస్తాయి. నీలాగే, పండక్కొకసారి."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. సుభద్ర కూడా నవ్వింది. పొద్దుట్నుంచీ గుండెలో ఉన్న రాయి అప్పుడు కాస్త దిగింది. అందరూ కళ్ళెదుట ఉన్నారు. ఊరు పోతే పోయింది, మనుషులు మిగిలారు. ఈ ఒక్క రోజు కోసమే ఇంత చదువూ చదివాననిపించింది ఆమెకు.

కరెంటు లేక బడి కుళాయి రావడం లేదు. అంబలి కాచడానికి ఊటనీళ్ళే కావాలని చిలకమ్మ పట్టుబట్టింది. వాననీళ్ళు పట్టుకోమంటే, చిన్నపిల్లలకు వాననీళ్ళ అంబలి పోస్తారా అని కూతుర్ని ఎగాదిగా చూసింది. ఊట బడికీ ఊరికీ మధ్యనున్న లోయలో ఉంది. ఎర్రబడ్డ వాలుకు అది దూరమే. ఎలాగూ కడ్డీని ఒకసారి చూసుకున్నట్టు ఉంటుందని సుభద్ర కూడా పనిముట్ల సంచి భుజాన వేసుకుని వాళ్ళ వెంట దిగింది.

ఊటకు దారి లోయ దాటి ఊరి వైపు నుంచే ఉంది. ఆ దారిలో ఒక నల్లటి బండ దగ్గర అందరూ ఆగారు. ఒకామె నడుముకున్న కొడవలి తీసి బండ మీద పెట్టింది. చిలకమ్మ బొడ్లో చాకు తీసి పెట్టింది. కడ్డీ ఆ బండ పక్కనే, నిలువెత్తున, ఆకుపచ్చ దీపం మినుకు మినుకుమంటూ నిలబడి ఉంది. ఎంత శుభ్రంగా దిగేశాడో చూడమని సుభద్ర మనసులోనే రస్మోను మెచ్చుకుంది. వంగి తీగలన్నీ సరిచూసింది. లేచి చుట్టూ చూస్తే నీళ్ళు కనిపించలేదు.

"ఊట ఏదమ్మా?"

"ముందుకి రా. ఆ సంచీలో ఇనుముందేటి? బండ మీద పెట్టీసి రా."

సుభద్ర సంచి దించింది. తల్లి వెనకే బండ చుట్టూ తిరిగి, రెండు రాతిగోడల మధ్య సందులోంచి ఒంగుని వెళ్ళి, అవతలి పక్కకు దిగింది. అక్కడ ఉంది ఊట. బడి ఉన్న గట్టు కిందనుంచి, మోకాలంత ఎత్తున, చల్లగా ఉబికి వస్తోంది.

ఆమె వెనక్కి తిరిగి చూసింది. కడ్డీకీ ఊటకూ మధ్య కొండ ఎముకలాంటి రాతిగోడ ఉంది. కడ్డీ అటు ఉంది, ఊరి కొండ మీద. ఊట ఇటు ఉంది, బడి కొండ మీద. ఇన్నాళ్ళూ బల్ల ఇక్కడి నీటి చప్పుడు విని, అది ఆ కొండలోంచి వస్తోందని లెక్క కడుతూ వచ్చింది. సుభద్ర కొయ్యబారిపోయింది.

"అమ్మా, ఊట ఇక్కడుంటే కడ్డీ అక్కడెందుకుంది?"

చిలకమ్మ బిందె ముంచుతూ తలెత్తింది. "మరెక్కడుంటాది? అది ఇనుము గదేటి. కత్తీ కొడవలీ బండ దాటి రావు. ఊట నోట్లో ఇనుము గుచ్చుతారేటే ఎవలైనా?"

"నాకెవరూ చెప్పలేదేమమ్మా?"

"సెప్పాలేటి? ఈడ పుట్టినోలికి ఎవలైనా సెప్తారేటి?" అంది చిలకమ్మ. అన్నాక కూతురి మొహం చూసి బిందె కింద పెట్టేసింది. "ఏటయింది పాపా?"

సుభద్ర ఫోను తీసింది. ఊహ తెలియకముందే ఊరొదిలి వెళ్ళింది. సెలవులకు వచ్చినప్పుడు నీళ్ళు కుండలో సిద్ధంగా ఉండేవి. ఆ నీళ్ళు ఏ దారిన ఇంటికి వచ్చేవో ఒక్కసారైనా చూడలేదు. సిగ్గుపడుతూనే ఉమాకాంతం నంబరు నొక్కింది.

"సార్, తేనెలపుట్టు ఊట బల్ల మీద తప్పు చోట ఉంది. రాతిగోడ దాటించి బడి వైపు జరపండి."

"తప్పు చోటేమిటి? కడ్డీ ఉన్న చోటే కదా ఊట?"

"కాదు సార్. జరపండి. దయచేసి ముందు జరపండి."

అవతల ఆయన చుక్కను వేలితో జరుపుతున్నాడు.

"సార్?"

"బడి వైపు ఎర్రబడుతోంది సుభద్రా." ఆ గొంతు ఆయనది కాదు అన్నట్టుంది. "కానీ ఇది నేను వేలితో జరిపిన చుక్క. దీన్ని నమ్మి జనాన్ని మళ్ళీ ఆ ఊళ్ళోకి ఎలా పంపను? పొద్దున ఆ కొండే పడుతుందన్నాం కదా! కడ్డీ పీకి ఊటలోనే దిగెయ్యి. అప్పుడుగాని నిజం తెలీదు."

సుభద్ర బండ దగ్గరికి పరిగెత్తి కడ్డీ పట్టి ఊపింది. బలమంతా పెడితే వచ్చింది. దాన్ని భుజాన వేసుకుని, సంచిలోని సమ్మెట పట్టుకుని, సందులోంచి ఇవతలికి వచ్చేసరికి ఆడవాళ్ళు ఊటకు అడ్డంగా నిలబడి ఉన్నారు. అందరికన్నా ముందు చిలకమ్మ ఉంది.

"ఏటే ఇది? ఏటి సేస్తన్నావు?"

"అమ్మా, పడేది మన ఊరు కాదేమో. బడేనేమో. అందరూ బడిలో ఉన్నారు. నేనే పంపాను. ఇది ఇక్కడ గుచ్చితేనే తెలుస్తుంది. నన్ను తిట్టు, కొట్టు, తరవాత. ఇప్పుడు తప్పుకో."

చిలకమ్మ కూతురి కళ్ళలోకి చూసింది. ఏమనుకుందో ఏమో, చేత్తో మిగతా ఆడవాళ్ళను పక్కకు తోసి, తాను రాతిగోడ వైపు మొహం తిప్పేసుకుంది. సమ్మెట దెబ్బ పడ్డప్పుడల్లా ఆమె భుజాలు ఉలిక్కిపడటం సుభద్ర చూస్తూనే ఉంది. తల్లి ఒంటి మీదే కొడుతున్నట్టనిపించింది. అయినా ఆపలేదు. కడ్డీ చుట్టూ నీళ్ళు మట్టి కలిసి మసకబారాయి.

ఫోనులో ఉమాకాంతం ఊపిరి వినిపిస్తోంది. బల్ల రేణువులు కూలిపోయి మళ్ళీ లేస్తున్న గరగర కూడా వినిపిస్తోంది.

"సుభద్రా, ఊరు పచ్చగా ఉంది. ఊరికేం కాదు. బడి..." ఆయన మాట తడబడింది. "బడి ఇంత ఎరుపు నేనెప్పుడూ చూడలేదు. తీసుకొచ్చెయ్యమ్మా. అందర్నీ తీసుకొచ్చెయ్యి."

బిందెలు అక్కడే వదిలేసి ఆడవాళ్ళందరూ గట్టెక్కారు. వసారాలో పిల్లలు ఆటలాడుకుంటున్నారు. సుభద్ర గొంతు చించుకుని చెప్పింది. ఎవరూ కదలలేదు.

"పొద్దున ఊరు పోతాదన్నావు. ఇప్పుడు బడి పోతాదంటన్నావు. సాయంత్రానికి ఏటి పోతాదో అదీ సెప్పీ, ఒకేసారి తిరుగుతాం," అన్నాడు ఒక పెద్దాయన. చాలా మంది ఔనన్నట్టు తలలూపారు. వాళ్ళు అడిగినదాంట్లో తప్పేముంది?

చిలకమ్మ పొయ్యి మీద నీళ్ళు గుమ్మరించి ఆర్పేసింది.

"లెగండి," అంది. "ఇది ఊట నోట్లో ఇనుము గుచ్చీసి ఒచ్చింది. నా కళ్ళెదట. అంత పని సేసిందంటే ఊరికే సెయ్యదు. తప్పయితే రేపు అందరం కలిసి దీన్ని తిడదాం. నాను ముందు తిడతాను. ఇప్పుడు లెగండి."

లేచారు. రస్మో నడవలేని తాతను వీపున వేసుకున్నాడు. కోళ్ళ బుట్టలు మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. లోయ దాటి, ఊరి మొదటి ఇళ్ళ దగ్గరికి చేరి, వెనకవాళ్ళు ఇంకా ఎక్కుతుండగా వెనక నుంచి పెద్ద ఊపిరి వదిలినట్టు శబ్దమైంది. ఉరుమనుకున్నారు. తిరిగి చూస్తే అవతలి గట్టు మీద చెట్లు నిలబడే కిందికి జరుగుతున్నాయి. వాటితో పాటు బడి, దాని కొత్త రంగూ, గోడ మీద రాసిన పేరూ అలాగే కొంచెం దూరం ప్రయాణం చేసి, చటుక్కున మడతపడిపోయాయి. ఆ తరవాత మట్టి తప్ప మరేం లేదు.

ఒక్కరు కూడా అరవలేదు. తల్లులు పిల్లల తలలు తడిమి చూసుకుంటూ ఉండిపోయారు. సుభద్రకు ఏడుపు రావలసిన చోట ఎక్కిళ్ళు వచ్చాయి.

రస్మో తాతను అరుగు మీద కూర్చోబెట్టి ఆమె దగ్గరికొచ్చాడు. మొహంలో రంగు లేదు.

"మేడమ్, ఆ గోడ ఇవతలా అవతలా పెద్ద తేడా ఏముంటుందిలే అనుకున్నాను. కొన్ని అడుగులే కదా అని."

"నాకెందుకు చెప్పలేదు రస్మో?"

"మీకు తెలుసనుకున్నాం మేడమ్. మీరు మనూరోళ్ళు కదా. సార్‌కి చెబితే ఇంత చదివీ ఇంకా ఇవేటి అని నవ్వుతారని భయమేసింది. మీరేమీ అనకపోతే, మీరు కూడా అందుకే ఊరుకున్నారనుకున్నాం."

"అనుకున్నాం అంటున్నావేమిటి? ఎవరెవరు?"

రస్మో తలెత్తలేదు. "అందరం మేడమ్. మా బ్యాచి అంతా. ప్రతి ఊరికీ ఒక కత్తులబండ ఉంటుంది కదా."

సుభద్ర అక్కడే బురదలో కూర్చుండిపోయింది. కొండవాళ్ళకే కొండ తెలుసు కాబట్టి వాళ్ళకు నేర్పారు. వాళ్ళకు కొండ తెలుసు కాబట్టే ఏ ఒక్కరూ ఊటను ఇనుముతో ముట్టలేదు. ఏ తెలియనివాడో వచ్చి ఉంటే నిష్పూచీగా ఊట నడిమధ్యలో గుచ్చేసి పోయేవాడు. గౌరవం కొద్దీ ఒకరు దాచారు, నమ్మకం కొద్దీ ఇంకొకరు అడగలేదు. వాటి మీద పెట్టి ఇన్ని బళ్ళూ, ఇన్ని రోడ్లూ కట్టేశారు.

ఫోను తీసి ఉమాకాంతానికి చెప్పింది.

"నువ్వు వెళ్ళాక ఇంకా కొన్ని ఊళ్ళు ఎర్రబడ్డాయి సుభద్రా. అందర్నీ బళ్ళలోకి పంపేశాను. నేనే. అందరూ చేరిపోయారని చెబితే సంతోషంగా భోజనం కూడా చేశాను." ఆయన ఏడుస్తున్నాడు. "నేను ఇటునుంచి ఫోన్లు చేసుకొస్తాను. గుర్రగరువు, పనసలబంద, ఈ రెండూ నువ్వు చెయ్యి. నీ పిల్లలు నీ మాటయితే వింటారు."

గుర్రగరువులో ఉన్నది సన్యాసి. క్లాసులో అందరికన్నా చురుకైనవాడు. ఫోను ఒక్క మోతకే ఎత్తాడు.

"చెప్పండి మేడమ్! అందరం బడిలోకి వచ్చేశాం. ఊళ్ళో పిల్లి కూడా లేదు. మీరు నేర్పినట్టే ప్రతి తలుపు మీదా సుద్దతో గుర్తేసి మరీ తీసుకొచ్చాను."

"సన్యాసీ, అందర్నీ బయటికి తీసుకురా. ఊళ్ళోకి దింపెయ్యి. ఇప్పుడే."

"అదేటి మేడమ్? నా ట్యాబులో బడి పచ్చగా ఉంది, ఊరే ఎర్రగా ఉంది. పటం ఒక మాట, మనిషి ఒక మాట చెబితే పటాన్నే నమ్మమని మీరే కదా మొదటి రోజు చెప్పారు. నన్ను పరీక్ష చేస్తున్నారేటి?"

అతని గొంతులో నవ్వు ఉంది.

"అది తప్పు చెప్పాను నాన్నా. నీ కడ్డీ ఎక్కడ దిగేశావు? ఊటలోనా, కత్తులబండ దగ్గరా?"

అతని వెనక ఎవరో పిల్లలు పాట పాడుతున్నారు.

"బండ దగ్గరే," అన్నాడు చివరికి. అంతే, అతనికి మరేం చెప్పనక్కర్లేకపోయింది. "రత్నాలూ! ఇది పట్టుకో. మేడమ్‌తో మాట్లాడతా ఉండు," అని అరవడం, పాట ఆగిపోవడం, బెంచీలు పడిపోవడం అన్నీ ఒక్కసారే వినిపించాయి.

రత్నాలు అతని భార్య. వగరుస్తూ మాట్లాడింది. "ఒస్తన్నారమ్మా. పిల్లలు ముందు దిగీసినారు. ఆడోలు ఒస్తన్నారు. బయటే ఉన్నానమ్మా నాను, గెడ్డనీళ్ళు దాటీసినాను. అందరూ ఒచ్చీసినట్టే."

"సన్యాసి ఏడీ?"

"మల్లీ లోపలికెల్లినాడమ్మా. నడవనేని ముసలోల్లిద్దరు ఉండిపోనారు. ఒకర్ని ఎత్తుకొచ్చీసినాడు, ఇంకొకర్ని..."

అప్పుడు ఫోనులో కొండ వదిలిన ఆ పెద్ద ఊపిరి శబ్దం వినిపించింది. సుభద్ర దాన్ని గుర్తుపట్టింది. ఫోను రెండు చేతులతో పట్టుకుంది.

"రత్నాలూ? రత్నాలూ, వింటున్నావా?"

"బడి నేదమ్మా," అంది రత్నాలు. చాలా మామూలుగా అంది, ఎవరో అడిగితే దారి చెప్పినట్టు.

"సన్యాసి?"

"బడి నేదమ్మా." మళ్ళీ అదే మాట. ఆ తరవాత కూడా అదే. ఆమెకు ఇంకే మాటా రావడం లేదు. అవతల ఎవరూ ఆమె చేతిలోంచి ఫోను తీసుకోవడం లేదు.

రస్మో సుభద్ర ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అతని ఫోను బడితో పాటే మట్టిలోకి వెళ్ళిపోయింది. ఊరి మొత్తానికి మిగిలింది ఇదొక్కటే.

"మేడమ్, పనసలబంద," అన్నాడు. "మేడమ్, వాళ్ళింకా బడిలోనే ఉన్నారు."

రత్నాలు ఇంకా మాట్లాడుతూనే ఉంది. సుభద్ర ఆమె మాట మధ్యలో ఫోను కట్ చేసి, పనసలబంద నంబరు నొక్కింది.